బొటనవేలి హద్దు

ఎర్రబాడు చెన్నకేశవులికి లోకంలో ఒకే ఒక మనిషి మీద కోపం. ఆమె పేరు పులివర్తి శశిరేఖ. ఎప్పుడు చెప్పినా ఇంటిపేరుతో సహా చెబుతాడు, వినేవాళ్ళు ఇంకెవరో శశిరేఖ అనుకొని పాపం ఆవిడను తిట్టుకోకుండా. డాక్టర్ పులివర్తి శశిరేఖ, భూగోళశాస్త్రం ప్రొఫెసరు, సన్నటి కళ్ళద్దాలు, మెత్తటి మాట. ఆ మెత్తదనమే తన కొంప ముంచిందంటాడు కేశవులు. కసురుకొనే మనిషైతే మొదటి రోజే మొహం తిప్పుకొని ఇంటికొచ్చేసేవాడట.

"ముప్పై ఎనిమిదేళ్ళు నన్ను ఒరే అన్నోళ్ళే ఉండారు. ఎవురూ నాకేం చెయ్యలా. గారూ అన్నది ఆమె ఒక్కతే," అంటాడు టీకొట్టు బల్ల మీద కూర్చొని.

ఏడో తరగతిలో బడి మానేసి, పద్నాలుగో ఏట సర్వేయరు వెనకాల గొలుసు పట్టుకున్నవాడు కేశవులు. భూమి కొలిచే ఇనుప గొలుసు అది. వంద లింకులు, అరవై ఆరు అడుగులు. సర్వేయర్లు మారారు, తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, గొలుసు మూలపడి జీపీఎస్ కర్ర వచ్చింది. ఆ కర్ర మోసేందుకూ కేశవులే. యాభై రెండేళ్ళు నిండేసరికి ఆ చుట్టుపక్కల అతని కాలు పడని గట్టు లేదు. ఉద్యోగం మాత్రం పర్మనెంటు కాలేదు. లిస్టు వచ్చిన ప్రతిసారీ అతని పేరుండాల్సిన చోట ఇంకొకడి పేరుండేది.

శశిరేఖ వచ్చింది ప్రాంతాల చట్టం వచ్చిన ఏడాది. కొండకు సొరంగం తొలిచి అవతలి నది నీళ్ళు ఇవతలికి తెచ్చారు. ఆ నీళ్ళను జిల్లాల వారీగా కాక ప్రాంతాల వారీగా పంచాలన్నది చట్టం. జిల్లా అంటే ఆఫీసులో గీసిన గీత, ప్రాంతం అంటే నేల మీద నిజంగా ఉన్నది అని పెద్దల వాదన. గువ్వలేటి పక్కకు ఒక వాటా రాశారు. పేరైతే అందరికీ తెలుసు. గువ్వలేరనే వాగుకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు సంబంధం మాట్లాడినా, గొర్రెను అమ్మినా "మా గువ్వలేటి పక్క" అనే అంటారు. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మాత్రం ఏ రికార్డులోనూ లేదు. ఆ హద్దు తేల్చడం శశిరేఖ పని.

రాచగట్టు మార్కెట్ యార్డులో పాత మిర్చి గోడౌను ఆమెకు ప్రయోగశాలగా ఇచ్చారు. ఎన్నిసార్లు కడిగినా గోడల్లోంచి ఘాటు పోలేదు. కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళు పూట పూటంతా తుమ్ముతూ పని చేసేవారు. కేశవులిని పిలిపించిన రోజు ఆమె ముక్కుకు రుమాలు కట్టుకొని, బల్ల మీద పలచటి కాగితం పటం ఒకటి పరిచింది.

"ఇది నేల చెప్పిన హద్దు కేశవులుగారూ. ఒకే ఎర్రమట్టి, ఒకే వాన, అదే కంది, అదే సజ్జ. అంతా ఒక్క తీరుగా ఉన్నంత మేరా ఒక ప్రాంతం."

దాని మీద ఇంకో పటం పరిచింది. "ఇది జనం రాకపోకలు చెప్పిన హద్దు. పాలవ్యాను ఎక్కడికి పోతుంది, జ్వరమొస్తే ఏ ఆసుపత్రి, శుక్రవారం ఏ సంత. రాచగట్టు చుట్టూ తిరిగే ఊళ్ళన్నీ కలిపి ఒక ప్రాంతం."

రెండు గీతలూ కలవలేదు. వాటి నడుమ పదకొండు పల్లెలు ఇరుక్కున్నాయి. కేశవులు వేలు పెట్టి వెతుక్కున్నాడు. మూడోది ఎర్రబాడు.

"మట్టి ప్రకారం మీరు లోపల. పాలవ్యాను ప్రకారం బయట," అంది శశిరేఖ.

"ఆ యాను మా ఓబులయ్యది మేడం. కొండపాడులో వాళ్ళ అత్తగారింట్లో టిఫిను తినేదానికి అటు తిప్పుకోని పోతాడు. వాడు తినే దోసెల్ని బట్టి మా ఊరిని బయట పడేస్తే ఎట్టా?"

ఆమె నవ్వలేదు, రాసుకుంది. "అందుకే మూడో రకం ఉంది. మనిషి లోపల ఉండే ప్రాంతం. ఇది మనది, అది మనది కాదు అని మనసు గీసుకొనే గీత. మొదటి రెండూ కలవని చోట ఈ మూడోదే ఖాయమని చట్టం."

"మనసులో గీతను యాడ పట్టుకుంటారు?"

"కాల్లో."

దస్తగిరి పెట్టె తెరిచాడు. నలభై దాటిన మనిషి, ఒకప్పుడు రాచగట్టు బస్టాండులో రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు శశిరేఖ యంత్రానికి కుడిచెయ్యి. పెట్టెలో రెండు కడియాలు, బొటనవేలికి తొడిగే రెండు సన్నటి చుట్లు ఉన్నాయి, మెట్టెల్లా.

శశిరేఖ కనిపెట్టింది చూడబోతే చాలా చిన్న సంగతి. తనదనుకొనే నేల మీద మనిషి పాదం పరుచుకొని పడుతుంది. తనది కాదనుకొనే నేల మీద కాలు పెట్టగానే బొటనవేలు వెంట్రుకవాసి బిగుస్తుంది. ఆ సంగతి మనిషికి తెలియదు, చుట్టుకు తెలుస్తుంది. ఇంతమాత్రం దానికి పదహారేళ్ళు పట్టిందని దస్తగిరి చెబితే కేశవులికి జాలేసింది.

"ఈ పదకొండు పల్లెల గట్టూ పుట్టా తెలిసిన మనిషి కావాలి. అందరూ మీ పేరే చెప్పారు కేశవులుగారూ," అంది శశిరేఖ.

అదుగో, అక్కడే పడిపోయాడు.

* * *

పంతొమ్మిది రోజులు నడిచాడు. ముందు కేశవులు ఉత్తకాళ్ళతో, వెనక దస్తగిరి గొడుగు పట్టుకొని, మెడలో పెట్టె వేలాడదీసుకొని. ఎడ్లబండి దారుల్లో, ఎండిన కుంటల్లో, బత్తాయి తోటల కంచెల పక్కన అటొకసారి ఇటొకసారి దాటి నడవడమే. పెట్టెలో సూది కదిలిన చోట దస్తగిరి పటం మీద చుక్క పెట్టేవాడు.

"ఏం చెప్తాంది?" అని అడిగేవాడు కేశవులు.

"చెప్పకూడదన్నా. చెప్తే నీ కాలుకు తెలివొస్తాది."

కేశవులికి ఆ పంతొమ్మిది రోజులూ పెళ్ళికొడుకు హోదా. ఏ ఊరికి పోయినా మంచం వాల్చి మజ్జిగ ఇచ్చారు. నీళ్ళు ఎవరికి రావాలో తన కాళ్ళు తేలుస్తున్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళు గొలుసు లాగినా రాని గౌరవం అది.

నెల తిరిగేసరికి పటం పంచాయతీ ఆఫీసు గోడకెక్కింది. పదకొండు పల్లెల్లో ఎనిమిది బయట. ఎర్రబాడు బయట. గీత ఊరికి పడమరగా పోయి, ఊరినంతా ఎత్తి అవతల పెట్టింది. అభ్యంతరాలకు నెలరోజుల గడువన్నారు. ఏమని అభ్యంతరం చెప్పాలి? కొలిచింది తమ ఊరివాడి కాళ్ళనే.

"కేశవులు మామా," అన్నాడు పాలవ్యాను ఓబులయ్య, పదిమందిలో, "నా మీద కోపముంటే నా యాను మీద తీర్చుకోవాల గానీ, ఊరి మీదనా? నీ బొటనేలికి మేమేం అపకారం చేసినాం?"

"నా మనసులో మన ఊరు మనది కాదంటే నమ్మతావా రా?"

"నేను నమ్మను మామా. మిషను నమ్మింది గదా."

ఇంటికొస్తే భార్య రవణమ్మ అన్నం పెడుతూ అంది: "ఊళ్ళో ఎవురూ నీ మొగం చూట్లేదు, నీ కాళ్ళు చూస్తా ఉండారు. బయటికి పొయ్యేటప్పుడు బూట్లన్నా ఏసుకో."

రెండు రోజులు ఆ పటం ముందు నిలబడ్డాడు కేశవులు. మూడో రోజు గీత ఒంపులు ఎక్కడో చూసినట్టనిపించింది. ఇక్కడ కుడికి తిరిగింది. ఇక్కడ తేలు కుట్టింది తనకు. ఇక్కడ మళ్ళీ ఎడమకు. ఇక్కడ వాన పట్టుకుంటే సర్వేయరు జీపు కింద దూరారు. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క రాయి. పాత తాలూకా హద్దురాళ్ళు, అతని చేత్తో సున్నం కొట్టినవే. సగం రాళ్ళు ఇప్పుడు పైకి కనబడను కూడా కనబడవు. మట్టిలో దిగబడిపోయి ఉన్నాయి.

అప్పటికప్పుడు బస్సెక్కి రాచగట్టు పోయాడు.

"మేడం, అవి నా మనసులో హద్దులు గావు. రాళ్ళు. తాలూకా రాళ్ళు. రాయి వచ్చిందంటే ఆగాల, మడమ తొక్కిపెట్టి గొలుసు బిగబట్టాల. వాన రానీ, పాము రానీ, రాయికాడ కాలు ఆగకపోతే సర్వేయరు చెవి మెలేసేవోడు. మిషనుకు అది తెలవదు."

శశిరేఖ దస్తగిరితో గోడౌను వెనక ఖాళీ జాగాలో ఒక హద్దురాయిని నేల మట్టానికి పాతించింది. కేశవులికి కడియాలు తొడిగి నడవమంది. రాయి దగ్గర సూది ఎగిరింది. రాయిని ఇంకోచోట పాతించింది. అక్కడా ఎగిరింది. నాలుగు చోట్లకు మార్చింది. నాలుగు చోట్లా, రాయికి ఇటు ఏముంది అటు ఏముందన్న తేడా లేకుండా, కేశవులు బొటనవేలు రాయికి సలాము కొట్టింది.

"మనిషిని కొలిచాం అనుకున్నాను. ఉద్యోగాన్ని కొలిచాం," అంది ఆమె, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ.

"ఉద్యోగం గూడా గాదు మేడం," అన్నాడు కేశవులు. "కాంట్రాక్టు."

* * *

ఇంకొకరిని నడిపించాలి. ఆ ఊళ్ళలో ముప్పై ఏళ్ళు తిరిగిన మనిషై ఉండాలి, హద్దురాళ్ళ ఊసు తెలియని మనిషై ఉండాలి. కలుపులకు, కందికోతలకు, వేరుశనగ పీకడానికి పదకొండు పల్లెలూ తిరిగిన మనిషిని వెతుక్కుంటూ ఎక్కడికీ పోనక్కర్లేదని దస్తగిరే అన్నాడు.

"వదినున్నాది గదన్నా."

రవణమ్మ మొదట ఒప్పుకోలేదు. "ఒకరి కాళ్ళు ఊరిని ముంచినాయి, చాలదా? రెండో జత గూడా కావాల్నా?" అంది. శశిరేఖ స్వయంగా వచ్చి పంచలో పీట మీద కూర్చొని, ఎవరూ ఏమీ అనరని, కాలు ఎట్లా పడితే అట్లా పడనివ్వమని నచ్చజెప్పింది. కడియాలు చూసి రవణమ్మ ఎగతాళి చేసింది. "పెళ్ళినాడు ఈయన పెడతానన్న ఎండి కడియాలు ఇన్నాళ్ళకొచ్చినాయే."

ఆమె ఇరవై నాలుగు రోజులు నడిచింది. కేశవులిలా గట్టిగా అడుగేసి నడవలేదు. దారిలో దొరికిన చెంచలాకు కోసుకుంటూ, ఎరుకైన ఆడవాళ్ళను పలకరిస్తూ, నీళ్ళకాడ ఆగుతూ నడిచింది. దస్తగిరికి గొడుగు కింద నిద్రొచ్చేది. కానీ గీత వచ్చింది. ఈసారి అది రాళ్ళను లెక్కచెయ్యలేదు. పదకొండు పల్లెల్నీ చుట్టుకొని, కొండ అడుగు దాకా పోయి, అక్కడ గుడ్డ మడత పెట్టినట్టు వెనక్కి తిరిగింది.

ఆ సంగతి ఊళ్ళో తెలిసిన రోజు ఓబులయ్య టీకొట్టులో అందరికీ టీ పోయించాడు. "అత్తా, నీ పాదాలకు పసుపు రాస్తా," అన్నాడు. కేశవులి వైపు తిరిగి, "నువ్వు గూడా తాగు మామా, అత్త మొగుడివి గదా," అన్నాడు.

మర్నాడు గోడౌనుకు రమ్మని కేశవులికి కబురొచ్చింది. పెద్ద తెర మీద పటం ఉంది. ఎర్రబాడంతా పచ్చగా ఉంది. ఆ పచ్చదనంలో ఒకచోట తెల్లగా, సన్నగా, గోరుతో గీరినట్టు ఒక చిల్లు.

"ఏం లేదు కేశవులుగారూ, చిన్న సమస్య," అంది శశిరేఖ. "ఇక్కడ మీ ఆవిడ మూడుసార్లు దాటారు, మూడుసార్లూ వేలు బిగిసింది. సర్వే నంబరు నూట ముప్పై ఒకటి. రికార్డు చూస్తే మీ పొలమే. సొంత పొలంలో అలా ఎందుకవుతుంది? ఎండకు కళ్ళు తిరిగి ఉంటాయి."

ఆమె ఇంకా దగ్గరగా చూపించేందుకు తెర మీద బొమ్మను పెద్దది చేసింది. అవసరం లేకపోయింది. పొడవూ వెడల్పూ అతనికి తెలుసు. ఈ భూమ్మీద అవి తెలిసిన మనిషి తానొక్కడే అనుకుంటూ వచ్చాడు, ఇన్నాళ్ళూ.

ఇరవై రెండేళ్ళ కిందట రీసర్వే జరిగింది. పర్మనెంటు లిస్టులో మూడోసారి అతని పేరు పోయిన నెల అది. పక్క పొలం కోటమ్మది. ఆ ఏడే మొగుణ్ణి పోగొట్టుకొని, పొలంకేసి రాకుండా ఉండింది. గొలుసుకు సరిగ్గా నడుమ ఒక గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఉంటుంది. ఆమె పొలం కొలిచేటప్పుడు కేశవులు గొలుసు కొసను పట్టుకోవాల్సినచోట ఆ బిళ్ళను పట్టుకున్నాడు. సర్వేయరు చెట్టు కింద కూర్చొని, అతను కేకేసిన అంకె రాసుకున్నాడు. సాయంత్రానికి రెండు రాళ్ళు పీకి కోటమ్మ వైపుకు జరిపి పాతాడు. కలం పట్టినవాళ్ళందరూ ఏదో ఒకటి జరుపుకుంటున్నారు, తాను జరిపింది అరగొలుసేనని సర్దిచెప్పుకున్నాడు. ఇంట్లో కూడా చెప్పలేదు.

"ఈ చిల్లు ఇలాగే ఉంటే ఏమవుతాది మేడం?"

"గెజెట్లో ఆ నంబరు మొత్తం ఆగిపోతుంది. తూము పెట్టరు. పది రోజుల్లో అచ్చుకు పోవాలి." ఒక కాగితం అతని ముందుకు జరిపింది. "మీ ఆవిడ ఇక్కడ సంతకం పెడితే చాలు. ఆ చోట కళ్ళు తిరిగి కాలు తడబడిందని. చిల్లు నేను పూడ్చేస్తాను. మొదటి తప్పు పట్టుకున్నది మీరే, ఈ చిన్న సాయం నేను చెయ్యొద్దూ?"

అంత మెత్తగా అంది.

* * *

మధ్యాహ్నం రవణమ్మ పంచలో కూర్చొని కందులు చెరుగుతోంది. కేశవులు కాగితం మడత విప్పి ఆమె పక్కన పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద గింజలు కొలిచే గిద్ద పెట్టాడు.

"సంతకం పెట్టు."

"ఏందది?"

"మన పొలంకాడ నీకు కళ్ళు తిరిగినాయని."

"నాకు కళ్ళు తిరగలేదే."

"తిరిగినాయనుకో."

"అనుకుంటే తిరగతాయా?" చేట ఆగలేదు. పొట్టు ఎగిరి అతని కాళ్ళ మీద పడింది.

"మరి ఆడ కాలు ఎందుకు బిగిసిందే?"

రవణమ్మ అప్పుడు తలెత్తి చూసింది. కోపంగా కాదు. పొద్దున పాలు పోయించుకున్నావా అని అడిగినంత మామూలుగా అంది: "నీకు తెలవదా?"

అతను పందిరి గుంజ పట్టుకున్నాడు.

"రాయి జరిగిన ఏడు మొదటిసారి ఆడ కంది ఏస్తా ఉండా. కోటమ్మ పెద్దమ్మ వచ్చి అవతల నిలబడింది. రాయిని చూసింది, నన్ను చూసింది. తిడతాది, మన్ను పోస్తాది అనుకున్నా. 'రవణా, మంచినీళ్ళు ఉండాయా' అనడిగింది. ఇచ్చినా. తాగి, చెంబు బోర్లించి పొయ్యింది. ఆ పొద్దు నుంచి ఆడ కాలు పెడితే అట్నే ఉంటాది. నీ మిషను రాకముందు నుంచీ నాకు తెలుసు."

"నాతో ఒక మాటన్నా అనలా."

"నువ్వు నాతో అన్నావా?"

గుంజ వదలకుండానే అన్నాడు: "ఇరవై రెండేళ్ళు దాంట్లో కలుపు తీసినావు గదే."

"తీసినా. ఊళ్ళో వాళ్ళందరి చేలల్లో కూలికి పోలా? అట్నే తీసినా."

ఆమె చేట కింద పెట్టింది. గిద్ద తీసి, కాగితాన్ని మళ్ళీ మడిచి అతని చేతికిచ్చింది. "నా కాళ్ళ మాట మీద పదకొండు ఊళ్ళకు నీళ్ళొస్తా ఉండాయి. ఒకచోట అబద్ధం చెప్పినాయని నేను రాసిస్తే, మిగతా చోట్ల నిజమే చెప్పినాయని ఎవురు నమ్ముతారు?" అంది. "నీ రాళ్ళు నువ్వు చూసుకో."

ఆ తర్వాత మూడు రోజులు కేశవులు ఇంట్లో సరిగా తినలేదు. అలిగాడని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు. నిజానికి లెక్క వేసుకుంటున్నాడు. సంతకం లేకపోతే నంబరు మొత్తానికి తూము లేదు. ఆ సన్నటి నేల చీలిక తనదే అన్నంతకాలం చిల్లు ఉంటుంది. తనది కాకపోతే? ఎటు తిప్పినా లెక్క ఒకే చోటికి వచ్చి ఆగింది. ఆ చోటు అతనికి నచ్చలేదు. ఇరవై రెండేళ్ళు ఎవరికీ కనపడని సంగతి, అందరూ మర్చిపోయిన సంగతి. పులివర్తి శశిరేఖ మిరపకాయల గోడౌనులో కూర్చొని దాన్ని తవ్వి బయట పెట్టింది. పెట్టానని ఆమెకు తెలియదు కూడా.

* * *

కోటమ్మ చావిడిలో మేకపిల్లకు సీసాతో పాలు పట్టిస్తోంది. డెబ్బై దాటిన మనిషి. కేశవులిని చూసి, "ఏం అల్లుడూ, మీ ఇంటిదాని కాళ్ళు బంగారమంట గదా," అంది.

"గట్టు కొలవాల అత్తా."

"ఎవురి గట్టు?"

"మనది."

ఆమె సీసా తీసేసింది. మేకపిల్ల గింజుకుంది. "అప్పుడే చెప్పినా ఆ సర్వేయరుకు. గొలుసు అబద్ధం చెప్పదమ్మా అన్నాడు. గొలుసుకు నోరు యాడుంది నాయనా, లాగినోడికి గదా ఉండేది అన్నా. నవ్వినాడు." ఆమె కూడా కొంచెం నవ్వింది. "ఇప్పుడెట్టా కొలుస్తావు? పాత రాయి చోటు నాకే గుర్తు లేదు."

"నాకుండాది. బొగ్గులుండాయి."

హద్దురాయి పాతేటప్పుడు దాని కింద గంపెడు బొగ్గులు పోస్తారు. రాయిని ఎవడైనా పీకొచ్చు, బొగ్గు మట్టిలో చివకదు, చెదలు తినదు. నూరేళ్ళకైనా తవ్వితే నల్లగా బయటపడి ఇదీ అసలు చోటని చెబుతుంది. రాయి కదిలినా బొగ్గు జోలికి పోకూడదని మొదటి సర్వేయరు పద్నాలుగేళ్ళ కేశవులికి నేర్పాడు. రాళ్ళు జరిపిన సాయంత్రం కూడా అతను బొగ్గులు కదిలించలేదు. చెయ్యి రాలేదు. అంత దొంగతనం చేసినవాడు ఆ ఒక్కటి చెయ్యలేకపోయాడు.

మర్నాడు పొద్దున మండల సర్వేయరు వచ్చింది, చిన్న వయసు పిల్ల. జీపీఎస్ కర్ర తెచ్చింది. కేశవులు అటక మీంచి తుప్పుపట్టిన గొలుసు దించుకొచ్చాడు. కందిచేలో రెండుచోట్ల తవ్వితే మూరెడు లోతున రెండుచోట్లా నల్లగా బయటపడింది. కోటమ్మ వంగి ఒక బొగ్గుముక్క తీసి, వేళ్ళ మధ్య నలిపి, కొంగుకు తుడుచుకుంది. ఒక మాటంటే బాగుండుననిపించింది కేశవులికి.

గొలుసు అతనే లాగాడు. ఈసారి కొస పట్టుకున్నాడు. రాళ్ళు వెనక్కి జరిగాయి.

దస్తగిరి వచ్చి రవణమ్మకు కడియాలు తొడిగాడు. ఆమె పాత గట్టు మీదుగా, జరిగిన రాయి దాటి, కోటమ్మ కందిలోకి నడిచింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మూడోసారి సగంలో ఆగి ఏదో గడ్డి పీకింది, అలవాటుగా.

"సూది కదల్లేదన్నా," అన్నాడు దస్తగిరి నెమ్మదిగా. "పడుకున్న పిల్లిమాదిరి ఉండాది."

"అది కోటమ్మది గదా ఇప్పుడు. ఈమెకు పరాయిదే గదా?"

"పరాయిదే గానీ, గువ్వలేటి పక్కదే గదన్నా."

సాయంత్రానికి తెర మీద చిల్లు పూడింది. నంబరు నూట ముప్పై ఒకటికి తూము ఖాయమైంది, కోటమ్మ నంబరుకూ ఖాయమైంది. శశిరేఖ ఫోన్ చేసి ఆశ్చర్యపోయింది. మనిషి లోపలి ప్రాంతం ఎనిమిది రోజుల్లో మారడం తానెక్కడా చూడలేదని, ఈ ఎనిమిది రోజుల్లో ఏం జరిగిందో చెప్పమని బతిమాలింది. "ఏమో మేడం, ఎండ తగ్గింది," అన్నాడు కేశవులు. ఆ సంగతి మీద ఆమె తర్వాత పెద్ద వ్యాసం రాసిందని, అది ఏవో దేశాల్లో చదివారని, కారణం తెలియరాలేదని అందులో ఉందని దస్తగిరి చెప్పాడు. ఆమెకు పేరొచ్చింది, ఊళ్ళకు నీళ్ళొచ్చాయి, కోటమ్మకు గట్టొచ్చింది. ఇంట్లో రవణమ్మ మునుపటిలానే అన్నం పెడుతోంది, మునుపటిలానే ఎగతాళి చేస్తోంది. ఇన్నేళ్ళూ తన పక్కన ఆ పొలంలో పనిచేసింది కూలికి వచ్చిన మనిషని తెలిశాక, ఆ మునుపటిలో ఎంత మునుపటిదో అతనికి అంతు చిక్కడం లేదు.

కొలత అయిన రోజు పొలంలోనే, సర్వేయరు పిల్ల జీపు బానెట్ మీద కాగితం పరిచింది. గళ్ళు గళ్ళుగా ఉంది. ఎవరి నుంచి, ఎవరికి, సర్వే నంబరు, కారణం.

"కారణం దానం అని రాయనా బాబాయ్?"

"వద్దు."

"అమ్మకమా?"

"కాదమ్మా."

"ఖాళీగా ఉంచితే ఆఫీసులో తిప్పి పంపిస్తారు."

రవణమ్మ గట్టు మీద కూర్చొని కాలి మట్టి దులుపుకుంటోంది. ఇటు చూడలేదు.

"పాత కొలత తప్పు," అన్నాడు కేశవులు. "గొలుసు లాగినోడి తప్పు. అట్నే రాయి."

పిల్ల ఒకసారి అతని మొహంలోకి చూసి, రాసింది. కింద ఇంకో గడి ఉంది, తగ్గిన విస్తీర్ణం. ఆమె లెక్క కట్టడానికి ఫోన్ బయటికి తీసేలోపే కేశవులు చెప్పేశాడు. పొడవు ఎనిమిది వందల ఇరవై లింకులు, వెడల్పు యాభై లింకులు. నలభై ఒక్క సెంట్లు.